మరలు సరే, మనుషులేరీ?

1791 డిసెంబరులో అమెరికా ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కాంగ్రెస్ ముందు ఒక నివేదిక పెట్టాడు. స్వాతంత్ర్యం ప్రకటించుకుని పట్టుమని పదహారేళ్లు కాని దేశం అది. మంచి గుడ్డ కావాలన్నా, పదునైన కత్తి కావాలన్నా ఇంగ్లండు ఓడ కోసం ఎదురుచూడాల్సిందే. మన ఫ్యాక్టరీలు మనమే పెట్టుకోవాలన్నది హామిల్టన్ వాదన. దానికి ఎదురయ్యే ప్రశ్న కూడా ఆయనకు తెలుసు. ఫ్యాక్టరీ పెడితే పని చేసేదెవరు? పడమటికి వెళ్తే కారుచౌకగా పొలం దొరికే చోట, సొంత నాగలి వదిలేసి ఇంకొకడి గంటకు లేచి ఇంకొకడి లెక్కకు పనిచేయడానికి ఏ మగవాడు వస్తాడు?

హామిల్టన్ దగ్గర మూడు జవాబులున్నాయి. నీటితో నడిచే మరలు మనుషుల కొరతను కొంత తీరుస్తాయి. ఇంగ్లండు నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లలో ఏడింట నాలుగు వంతులు ఆడవాళ్లూ పిల్లలేనట, ఇక్కడా వాళ్లను పనిలోకి తీసుకోవచ్చు. అప్పటికీ చాలకపోతే సముద్రం అవతలి నుంచి రప్పించుకోవచ్చు. ఈ మూడో మాట రాసిన మనిషి కూడా కుర్రతనంలో కరేబియన్ దీవుల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే.

తర్వాత నూట ఇరవై ఏళ్లపాటు న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లులు ఈ మూడు జవాబుల్నీ వరసగా ప్రయోగించి చూశాయి.

నివేదిక రాకముందే పిల్లల ప్రయోగం మొదలైపోయింది. ఇంగ్లండులోని బెల్పర్‌లో పుట్టిన శామ్యూల్ స్లేటర్ నూలు మిల్లులో పని నేర్చుకుంటూ పెరిగాడు. మర కీలకం తెలిసిన పనివాడు దేశం దాటకూడదని, మర నమూనా గానీ బొమ్మ గానీ బయటికి పోకూడదని బ్రిటన్‌లో చట్టం ఉండేది. స్లేటర్ 1789లో మామూలు వ్యవసాయ కూలీ వేషంలో ఓడెక్కాడు. కాగితం ముక్క కూడా వెంట తీసుకోలేదు, మర మొత్తం బుర్రలోనే పెట్టుకుని వెళ్లాడు. రోడ్ ఐలండ్‌లో మోజెస్ బ్రౌన్ అనే వ్యాపారి పెట్టుబడి పెట్టాడు. 1790 డిసెంబరు 20న పాటకెట్ అనే ఊళ్లో నీటి బలంతో నూలు వడికే మరలు తిరిగాయి. వాటి దగ్గర నిలబడ్డ తొలి కార్మికులు తొమ్మిది మంది: ఏడుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసు వాళ్లు.

తెగిన నూలు అతకడానికి, నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టడానికి చిన్న వేళ్లే అనువని యజమానులు అనేవారు. చిన్న వేళ్లకు చిన్న జీతం చాలని మాత్రం పైకి అనేవారు కాదు. క్రమంగా స్లేటర్ పిల్లలతో పాటు తల్లిదండ్రులనూ తెచ్చుకుని, మిల్లు చుట్టూ ఇళ్లు కట్టించి, కుటుంబాలకు కుటుంబాలనే పనిలో పెట్టుకున్నాడు. ఇంగ్లండులో కొందరికి ఆయన ద్రోహి అయ్యాడు. అమెరికాలో పరిశ్రమల పితామహుడని పేరొచ్చింది.

స్లేటర్ మిల్లులు నూలు వరకే తీసేవి. నేత పని ఇంకా ఇళ్లలోని చేమగ్గాల మీదే సాగేది. ఆ రెండింటినీ ఒక కప్పు కిందికి తెచ్చింది బోస్టన్ వర్తకుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. 1810లో కుటుంబంతో బ్రిటన్ వెళ్లి రెండేళ్లు ఉన్నాడు. మాంచెస్టర్ వైపు మిల్లులన్నీ తిరిగి మరమగ్గం పనితీరును ఆసక్తిగల అతిథిలా చూసి, ఇంటికొచ్చాక పాల్ మూడీ అనే నిపుణుడైన మెకానిక్ సాయంతో దాన్ని మళ్లీ తయారు చేయించాడు. 1814లో వాల్తమ్‌లో చార్లెస్ నది ఒడ్డున ఆ మిల్లు నడిచింది. ఒక గుమ్మంలో దూది బేలు లోపలికి పోతే ఇంకో గుమ్మంలో బట్ట తాను బయటికి వచ్చేది. అమెరికాలో అంతకుముందు అలాంటిది లేదు.

ఈ కథలో ఇండియా ప్రస్తావన కూడా ఉంది, అయితే అది మనవాళ్లు సంతోషించేది కాదు. అప్పట్లో న్యూ ఇంగ్లండ్ ఓడలు కలకత్తా నుంచి ముతక నూలు బట్టను పెద్ద ఎత్తున తెచ్చేవి. లోవెల్ మిల్లు నేసేదీ సరిగ్గా అలాంటి బట్టే. ఆయన వాషింగ్టన్ వెళ్లి నాయకుల చెవిన వేసిన ఫలితంగా 1816 సుంకాల చట్టంలో ఒక చిన్న మెలిక చేరింది. దిగుమతి బట్ట ఎంత చౌకదైనా చదరపు గజం 25 సెంట్లదిగానే లెక్కగట్టి, ఆ లెక్క మీద నూటికి 25 వంతుల పన్ను వేయాలి. ఖరీదైన ఇంగ్లండు బట్టకు దీనివల్ల పెద్దగా ఇబ్బంది లేదు. కొన్ని సెంట్లకే అమ్ముడుపోయే ఇండియా బట్టకు అమెరికా బజారు తలుపు దాదాపు మూసుకుపోయింది. మన నేతగాళ్లను దెబ్బకొట్టింది లాంకషైర్ ఒక్కటే అనుకుంటాం గానీ మసాచుసెట్స్ చేయి కూడా కొంత ఉంది.

లోవెల్ 1817లో నలభై రెండేళ్లకే చనిపోయాడు. ఆయన భాగస్వాములు మరింత నీటి బలం కోసం వెతుక్కుంటూ మెర్రిమాక్ నది పది మీటర్ల దాకా కిందికి దూకే చోటికి చేరారు. 1822లో కంపెనీ పెట్టారు, 1823లో తొలి బట్ట దిగింది, 1826లో ఆ ఊరికి లోవెల్ అని పేరు పెట్టారు. నాలుగు పొలాలు, పిడికెడు ఇళ్లు తప్ప ఏమీ లేని చోటు 1850 నాటికి 33,000 జనాభాతో మసాచుసెట్స్‌లో రెండో పెద్ద నగరమైంది.

ఇక మనుషుల సంగతి. మాంచెస్టర్‌లో మురికివాడలు, తాగుడు, తరతరాలుగా మిల్లుకే అంకితమైన బీద జనం లోవెల్ కళ్లారా చూసినవే. అమెరికాలో అలాంటి వర్గం పుట్టకూడదనుకున్నాడు. ఆయనా, ఆయన తర్వాత వచ్చినవాళ్లూ దీనికి కనిపెట్టిన ఉపాయం పల్లెటూరి ఆడపిల్లలు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల రైతుల ఇళ్ల నుంచి పదిహేనేళ్లు దాటిన అమ్మాయిలను రప్పించారు. నాలుగేళ్లు పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, ఇంటికెళ్లి పెళ్లి చేసుకుంటారు. వాళ్ల చోటికి చెల్లెళ్లు వస్తారు. మిల్లు శాశ్వతంగా ఉంటుంది, కార్మికులు మాత్రం ఎప్పటికప్పుడు మారిపోతుంటారు.

ఊళ్లోని తండ్రులకు ధైర్యం చెప్పాలి కదా. అందుకని కంపెనీ ఇటుకతో వసతి గృహాలు కట్టించింది. ఒక్కోదానికి ఒక పెద్దావిడ, ఎక్కువగా వితంతువు, వంట చేసి పెడుతూ కాపలా కాసేది. రాత్రి పదికి తలుపులు మూసేయాలి, ఆదివారం చర్చికి వెళ్లాలి, నడవడి బాగోకపోతే పెట్టె సర్దుకోవాలి. ఒక గదిలో ఆరుగురు, ఒక మంచం మీద ఇద్దరు. అయినా అమ్మాయిలు వరస కట్టారు. వారానికి మూడు డాలర్లకు అటూ ఇటూగా వచ్చేది, తిండికీ బసకూ డాలరుంబావు పోయేది. పల్లె బడిలో పంతులమ్మకు కూడా అంత మిగిలేది కాదు. తమ్ముడి చదువుకు పంపినవాళ్లున్నారు, నాన్న పొలం తాకట్టు విడిపించినవాళ్లున్నారు, ఎవరికీ పంపకుండా పొదుపు బ్యాంకులో తన పేరున దాచుకున్నవాళ్లూ ఉన్నారు. 1829లోనే ఆ ఊళ్లో పొదుపు బ్యాంకు వెలిసింది.

రోజు గంటతోనే మొదలై గంటతోనే ముగిసేది. వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేపే గంట, అయిదుకు గేటు, సాయంత్రం ఏడుకు సెలవు. మధ్యలో టిఫినుకు అరగంట, భోజనానికి మరో అరగంటో ముప్పావు గంటో. ఆ వ్యవధిలోనే బసకు పరుగెత్తి, మింగి, తిరిగి పరుగెత్తాలి. వారానికి సగటున 73 గంటల పని. గదిలో వందలాది మగ్గాల చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినిపించేది కాదు. గాలి ఆరితే నూలు తెగుతుందని కిటికీలు బిగించేసేవారు. చలికాలంలో పొద్దుటా సాయంత్రమూ నూనె దీపాలు వెలిగించేవారు. ఆ తేమలో, ఆ పొగలో, దూది నలకలు పీల్చుకుంటూ నిలబడాలి. నాడె కంట్లో దారం ఎక్కించడానికి నోటితో పీల్చేవారు. ఒకరు పీల్చిన నాడెనే ఇంకొకరూ పీల్చడంతో క్షయ కూడా మగ్గం నుంచి మగ్గానికి పాకింది.

చూడవచ్చిన అతిథులకు మాత్రం వేరే లోవెల్ కనబడేది. 1833లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ వస్తే తెల్ల గౌన్లు వేసుకుని గొడుగులు పట్టుకున్న అమ్మాయిలతో ఊరేగింపు తీశారు. 1842లో వచ్చిన చార్లెస్ డికెన్స్ కొన్ని వసతి గృహాల్లో పియానోలు చూసి ఆశ్చర్యపోయాడు. దాదాపు అందరూ లైబ్రరీల్లో చందాదారులేనని, సొంతంగా ఒక పత్రిక కూడా నడుపుకుంటున్నారని రాశాడు. ఆ పత్రిక నిజమే. 1840లో మొదలైన ‘లోవెల్ ఆఫరింగ్’లో కథలు, కవితలు, వ్యాసాలు రాసింది మిల్లు అమ్మాయిలే. లండను మురికివాడలు ఎరిగిన డికెన్స్ ఆ మెచ్చుకోలును మనసులోంచే రాశాడు. కానీ ఆయన అక్కడున్నది ఒక్క రోజు. పద్నాలుగు గంటల తర్వాత పియానో ముందు కూర్చునే ఓపిక ఎవరికి మిగిలేదో అడిగినట్టు లేదు.

ఓపిక నశించడం అప్పటికే మొదలైంది. బట్ట ధర పడిపోతోందంటూ 1834 ఫిబ్రవరిలో కంపెనీలు కూలి తగ్గించాయి. సుమారు 800 మంది అమ్మాయిలు మగ్గాలు ఆపేసి వీధిలోకి నడిచారు. ఆ కాలంలో అది మాటలా? ఆడవాళ్లు బహిరంగ సభలో నోరు విప్పడమే వింత. వాళ్లేమో మా తాతలు ఇంగ్లండు రాజుతో పోరాడి స్వేచ్ఛ తెచ్చారు, మేం మిల్లు రాజుకు బానిసలం కాము అన్న ధోరణిలో ప్రకటనలు వేశారు. ఆ సమ్మె కొద్ది రోజుల్లోనే వీగిపోయింది. 1836లో బస ఖర్చు పెంచినప్పుడు మాత్రం 1,500 మందికి తక్కువ కాకుండా బయటికొచ్చారు, నెలల తరబడి నిలిచారు, కంపెనీలు కొంత దిగివచ్చాయి.

ఆ 1836 సమ్మె మొదలైన రోజు ఒక గదిలో పెద్దమ్మాయిలు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే పదకొండేళ్ల హారియట్ హాన్సన్ తానే లేచి ముందు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే గది గదంతా తన వెంట వస్తోంది. ఆ పిల్ల పదేళ్లకే కండెలు మార్చే పనిలో చేరింది. వాళ్లమ్మ వితంతువు, కంపెనీ వసతి గృహం నడుపుతుండేది. పెద్దవాళ్లను ఆపడం నీ వల్ల కాకపోవచ్చు, నీ కూతుర్ని ఆపొచ్చు కదా అంటూ కంపెనీ ఆ తల్లి ఉద్యోగం తీసేసింది. హారియట్ పెద్దయ్యాక రచయిత్రి అయింది, మహిళల ఓటు హక్కు కోసం పనిచేసింది, 1898లో మిల్లు రోజుల జ్ఞాపకాలను పుస్తకంగా వేసింది. మిల్లు అమ్మాయిల గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పుస్తకం పుణ్యమే.

1840ల్లో పోరాటం కూలి మీద నుంచి గంటల మీదికి మళ్లింది. ఒక్కో మనిషికి అప్పగించే మగ్గాలు పెరిగాయి, మగ్గాల వేగమూ పెరిగింది, కూలి మాత్రం అక్కడే ఉంది. సారా బాగ్లీ అనే నేతపని అమ్మాయి నాయకత్వంలో మహిళా కార్మిక సంఘం ఏర్పడింది. రోజుకు పది గంటల పని చాలంటూ సంతకాలు సేకరించింది. 1845లో మసాచుసెట్స్ శాసనసభ విచారణ జరిపింది. తన గదిలో 293 చిన్న దీపాలు, 61 పెద్ద దీపాలు వెలుగుతాయని ఒక అమ్మాయి లెక్క చెప్పింది. ఎవరైనా తీరిగ్గా వాటిని లెక్కపెట్టారంటే ఆ గదిలో ఊపిరి ఆడక ఎన్ని సాయంత్రాలు గడిపి ఉండాలి! కమిటీ అంతా విని, ఇబ్బందులు నిజమేగానీ చట్టం చేయడం తమ పని కాదని తేల్చింది. ఆ కమిటీ అధ్యక్షుడు విలియం షౌలర్ లోవెల్ ప్రతినిధే. అమ్మాయిలకు ఓటు లేదు. అయినా ఊరంతా అతనికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు, అతను తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. పది గంటల చట్టం మాత్రం ఆడవాళ్లకూ పిల్లలకూ 1874లో గానీ రాలేదు.

మిల్లులోకి వచ్చే దూది ఎక్కడిదన్న ప్రశ్న వదిలేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. అదంతా దక్షిణాది తోటల్లో నల్లజాతి బానిసలు పండించి ఏరిన పత్తి. గింజ తీసే జిన్ను 1793లో వచ్చాక పత్తి సాగు, దానితో పాటు బానిసల వ్యాపారం రెండూ పడమటికి పాకిపోయాయి. ఉత్తరాదిలో మిల్లులు పెరిగేకొద్దీ దక్షిణాదిలో కొరడా పని పెరిగింది. లోవెల్‌లో నేసిన చవక ముతక బట్టలో కొంత మళ్లీ ఆ తోటలకే వెళ్లి బానిసల ఒంటి మీదికి చేరేది. ఇది తెలిసిన లోవెల్ మహిళలు కొందరు బానిసత్వాన్ని రద్దు చేయాలన్న అర్జీల మీద సంతకాలు చేశారు. మిల్లుల్లో వాటాలున్న బోస్టన్ పెద్దల్లో చాలామందికి ఆ గొడవ రుచించలేదు.

అసలు లోవెల్ ఊరిని తవ్వింది ఎవరు? 1822లో హ్యూ కమిస్కీ అనే ఐరిష్ మేస్త్రీ ముప్పైమంది కూలీలను వెంటబెట్టుకుని బోస్టన్ పక్కనున్న చార్లెస్‌టౌన్ నుంచి నడిచి వచ్చాడు. పారలతో, మందుగుండుతో వాళ్లే కాలువలు తవ్వారు, వాళ్లే మిల్లులకు పునాదులు వేశారు. అమ్మాయిల కోసం చక్కటి ఇటుక ఇళ్లు కట్టి, తాము మాత్రం ఊరి చివర చెక్కలూ మట్టీ కలిపి వేసుకున్న గుడిసెల్లో ఉన్నారు. కంపెనీ ప్రణాళికలో కార్మికుల బసలకు చోటుంది గానీ కాలువలు తవ్వినవాళ్లు ఎక్కడ పడుకోవాలన్న ఆలోచన లేదు.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. కరువులో పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచారు. వాళ్లలో వేలమంది బోస్టన్ రేవులో దిగారు. లోవెల్‌లోని హామిల్టన్ అనే మిల్లు కంపెనీ హాజరు పట్టీలు ఈ మార్పును పట్టిస్తాయి. 1836లో విదేశాల్లో పుట్టిన కార్మికులు వందకు నలుగురు కూడా లేరు. 1860 నాటికి అరవై మంది దాటారు.

ఈ మార్పును కొందరు చరిత్రలో యాదృచ్ఛికంగా జరిగిన మలుపులా చెబుతారు. అలా అనిపించదు. రైతు బిడ్డకు వెనక ఒక ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు, పోతే పోనీ అని పెట్టె సర్దుకునే వీలుంది. కూలి తగ్గిస్తే సమ్మె చేయడానికీ, గెలవకపోతే బండెక్కి ఇంటికి పోవడానికీ ఆమెకు ధైర్యం ఇచ్చింది ఆ వీలే. నిజంగానే 1834 సమ్మె తర్వాత ఎందరో అలాగే వెళ్లిపోయారు. కరువు నుంచి పారిపోయి వచ్చిన ఐరిష్ అమ్మాయికి తిరిగి వెళ్లడానికి ఊరు లేదు, ఊళ్లో మిగిలింది సమాధులు. వచ్చింది పుచ్చుకోవాల్సిందే. మనుషులకు దారి మిగలని చోట కంపెనీలకు వసతి గృహాల మర్యాద అక్కరలేకపోయింది. పియానోలు, పత్రికలు, పెద్దావిడల కాపలా ఒక్కొక్కటిగా పోయాయి. కూలి పెరగకుండానే మగ్గాల సంఖ్య పెరిగింది.

కోపం కంపెనీ మీదికి కాకుండా కొత్తగా వచ్చినవాళ్ల మీదికి మళ్లింది. 1834లోనే చార్లెస్‌టౌన్‌లో ఒక కాథలిక్ కాన్వెంట్‌ను అల్లరి మూక తగలబెట్టింది. 1854లో, వలస వచ్చినవాళ్లను, కాథలిక్కులను వ్యతిరేకిస్తూ పుట్టిన ‘నో నథింగ్’ పార్టీ మసాచుసెట్స్ గవర్నరు పదవితో పాటు శాసనసభలో దాదాపు అన్ని స్థానాలూ ఊడ్చేసింది. పోపు చెప్పినట్టు ఓట్లేస్తారు, కూలి చెడగొడతారు, తాగి గొడవ చేస్తారు అన్నవి ఆనాటి ఆరోపణలు. తర్వాత వచ్చిన గుంపుల మీదా ఇలాంటి మాటలే వాడారు.

అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది పత్తి ఆగిపోయినప్పుడు బ్రిటన్ మిల్లులు ఇండియా పత్తి మీద పడ్డాయి. ఆ ధరల వేడి గుంటూరు, బళ్లారి నల్లరేగడి రైతుల దాకా తాకింది. లోవెల్ కంపెనీల్లో చాలా మటుకు దగ్గరున్న దూదిని మంచి ధరకు అమ్మేసుకుని మిల్లులకు తాళాలు వేశాయి. వేలమందికి పని పోయింది. యుద్ధం ముగిశాక మళ్లీ తెరిస్తే పాత అమ్మాయిలు తిరిగి రాలేదు. కెనడా నుంచి ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు రైల్లో దిగాయి, ఆ తర్వాత గ్రీకులు, పోలిష్‌వాళ్లు, పోర్చుగీసులు వచ్చారు.

లోవెల్‌కు పది మైళ్ల దిగువన అదే నది మీద 1845లో ఇంకో మిల్లు పట్టణం పుట్టింది. దాని పేరు లారెన్స్. ఇక్కడ ఆదర్శాల ముచ్చట పెద్దగా లేదు. 1860 జనవరి 10 సాయంత్రం అయిదు కావస్తుండగా అయిదంతస్తుల పెంబర్టన్ మిల్లు లోపల ఆరువందల మందికి పైగా ఉండగానే పేకమేడలా కూలింది. పోత ఇనుప స్తంభాలు నాసిరకానివి, వాటి మీద కొత్త మరల బరువు. చీకట్లో శిథిలాల కింద ఉన్నవాళ్లను తీస్తుండగా ఒక లాంతరు పగిలి నూనె చిమ్మింది. కింద చిక్కుకున్నవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. కనీసం 88 మంది పోయారు, ఎక్కువమంది ఐరిష్ ఆడవాళ్లు. విచారణ జరిగింది, తప్పు స్తంభాలదీ వాటిని ఒప్పుకున్న ఇంజినీరుదీ అని తేలింది. శిక్ష ఎవరికీ పడలేదు. ఆ చోటే కొత్త మిల్లు లేచింది.

1910 నాటికి లారెన్స్ జనాభా 86,000. ఊళ్లో చాలా ఇళ్లకు మిల్లు కూలే ఆధారం. ఉన్ని బట్టల్లో దేశంలోకెల్లా పెద్దదైన అమెరికన్ ఉలెన్ కంపెనీ ఇక్కడే వెలిగింది. దాని అధిపతి విలియం వుడ్ పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి వచ్చిన వలస కుటుంబపు బిడ్డ. మిల్లులో చిన్నపనితో మొదలై పైకి వచ్చినవాడు. ఆయన మిల్లుల్లో ఇటాలియన్లు, లిథువేనియన్లు, పోలిష్‌వాళ్లు, సిరియన్లు, యూదులు, ఫ్రెంచ్ కెనడియన్లు పనిచేసేవారు. ఒక గదిలో పదిమంది పక్కపక్కన నిలబడితే పది భాషలు. అలాంటివాళ్లు కలిసి సమ్మె చేయడం కల్ల అని యజమానులూ నమ్మారు, పాత కార్మిక సంఘాలూ నమ్మాయి.

1912 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టం ఆడవాళ్లకూ పిల్లలకూ వారానికి 56 గంటల పనిని 54కు తగ్గించింది. చేసిన మేలు ఎంత చిన్నదో, దాన్ని కంపెనీలు ఎలా తిప్పికొట్టాయో చూడండి. రెండు గంటలు తగ్గాయి కాబట్టి రెండు గంటల జీతమూ కోసేశాయి. సగటున 32 సెంట్లు. జనవరి 11న ఎవరెట్ మిల్లులో పోలిష్ మహిళలు జీతం కవరు విప్పి లెక్కపెట్టి, మగ్గాలు ఆపేసి బయటికొచ్చారు. మర్నాడు ఉలెన్ కంపెనీ మిల్లుల్లో ఇటాలియన్లు బెల్టులు కోసి, దారాలు తెంచి, గది గదికీ పరుగెత్తారు. వారం తిరిగేసరికి 20,000 మందికి పైగా వీధుల్లో ఉన్నారు. వారం కూలి తొమ్మిది డాలర్లు కూడా నిండని ఇంట్లో 32 సెంట్లంటే కొన్ని రొట్టెలు. రొట్టెల లెక్క తెలిసింది ఆడవాళ్లకే, అందుకే ముందు లేచిందీ వాళ్లే.

గట్టి పని తర్వాత జరిగింది. ఐడబ్ల్యుడబ్ల్యు అనే సంఘం తరఫున జోసెఫ్ ఎటర్ న్యూయార్క్ నుంచి వచ్చాడు. ఇటాలియన్ సహా నాలుగైదు భాషల్లో ఉపన్యసించగలడు. ఒక్కో జాతికి నలుగురు ప్రతినిధుల చొప్పున సమ్మె కమిటీ వేశారు. ప్రతి తీర్మానాన్నీ అన్ని భాషల్లోకీ చెప్పించి, అందరూ ఒప్పుకున్నాకే ముందుకు కదిలారు. మిల్లు గేటు ముందు గుమిగూడితే అరెస్టు చేస్తారని, ఎక్కడా ఆగకుండా వేలమంది మిల్లుల చుట్టూ గొలుసుకట్టుగా నడుస్తూనే ఉన్నారు. ఉమ్మడి వంటశాలలు తెరిచారు. చలికాలం మసాచుసెట్స్‌లో ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఆ తొమ్మిది వారాలు ఎంత కష్టమో తెలుస్తుంది.

కొద్ది రోజులకే ఊళ్లో డైనమైటు దొరికింది. సమ్మెదారులదేనని పత్రికలు గోల చేశాయి. దాన్ని పెట్టించింది స్కూలు బోర్డు సభ్యుడొకడని తర్వాత బయటపడింది. అతనికి పడిన శిక్ష 500 డాలర్ల జరిమానా. జనవరి 29న గుంపు మీద కాల్పుల్లో అన్నా లోపిజ్జో అనే ఇటాలియన్ కార్మికురాలు చనిపోయింది. అప్పుడు మైళ్ల దూరంలో ఉన్న ఎటర్‌నూ, కవి ఆర్తురో జొవన్నిత్తినీ ఆ హత్యకు ప్రేరేపించారని జైల్లో పెట్టారు. నవంబరులో జ్యూరీ నిర్దోషులని విడిచిపెట్టింది.

ఇళ్లలో తిండి తగ్గిపోతుంటే పిల్లలను న్యూయార్క్ సానుభూతిపరుల ఇళ్లకు పంపే ఆలోచన వచ్చింది. ఫిబ్రవరి 10న 119 మంది వెళ్లారు. వెంట వెళ్లిన నర్సు మార్గరెట్ శాంగర్ తర్వాత కాంగ్రెస్ కమిటీతో చెప్పిన మాట దేశాన్ని కదిపింది. దేశానికి ఉన్ని బట్ట నేసే ఊరి పిల్లల్లో, అంత చలిలో, నలుగురి ఒంటి మీదే లోదుస్తులున్నాయి. ఫిబ్రవరి 24న మరో గుంపును రైలెక్కిస్తుండగా పోలీసులు స్టేషనులో తల్లులనూ పిల్లలనూ కొట్టి లాక్కెళ్లారు. యజమానులు ఓడిపోయింది ఆ ఉదయమేనని చెప్పవచ్చు.

మార్చిలో వాషింగ్టన్‌లో విచారణ జరిగింది. అధ్యక్షుడు టాఫ్ట్ భార్య హెలెన్ కూడా వచ్చి కూర్చున్నారు. కమిటీ ముందుకు వచ్చిన పిల్లల్లో కమెల్లా తెయోలీకి పద్నాలుగేళ్లు. ఒకతను ఇంటికొచ్చి పిల్లను పనికి పంపవేమని నాన్నను అడిగాడని, నాలుగు డాలర్లు ఇస్తే పద్నాలుగేళ్లున్నట్టు కాగితాలు పుట్టించాడని చెప్పింది. పనిలో చేరాక మర ఆమె జుట్టును లాక్కుని నెత్తి చర్మం ఊడదీసింది. ఏడు నెలలు ఆసుపత్రిలో ఉంది. కంపెనీ ఆసుపత్రి బిల్లు కట్టింది, ఆ నెలల కూలి మాత్రం ఇవ్వలేదు.

మార్చి 14న సమ్మె గెలిచింది. అందరికంటే తక్కువ కూలి వచ్చేవాళ్లకు అందరికంటే ఎక్కువ పెంపు. సమ్మె తమ దాకా రాకముందే న్యూ ఇంగ్లండ్‌లోని మిగతా కంపెనీలు కూడా పెంచాయి. రెండు లక్షల మందికి పైగా లాభపడ్డారు. ఈ పోరాటాన్ని ఇప్పుడు అందరూ ‘రొట్టె, గులాబీల సమ్మె’ అంటారు. ఆ పేరుతో ఉన్న కవిత సమ్మెకు ముందే, 1911 డిసెంబరులో అచ్చయింది. లారెన్స్ వీధుల్లో ఎవరైనా ఆ మాట రాసిన అట్ట పట్టుకున్నారనడానికి గట్టి ఆధారం లేదు. పేరు తర్వాత అంటుకుంది.

గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. మగ్గాల వేగం ఎక్కువ చేసి, పెంచిన కూలిని కంపెనీలు తిరిగి రాబట్టుకున్నాయి. అదే ఏడాది అక్టోబరులో పట్టణ పెద్దలు దేవుడి పేరునా దేశం పేరునా జెండాలతో పెద్ద ఊరేగింపు తీసి, సమ్మెను మచ్చగా ముద్రవేశారు. వలస వచ్చినవాళ్లు దేశభక్తిని నిరూపించుకోవాల్సిన రోజులవి. సమ్మె ఊసెత్తడం మానేశారు. కమెల్లా జీవితాంతం జుట్టును ముడివేసి ఆ మచ్చ కనబడకుండా దువ్వుకుంది. తల్లి వాషింగ్టన్ వెళ్లి సాక్ష్యం చెప్పిందన్న సంగతి ఆమె కూతురికి కూడా తెలియదు. 1970ల్లో ఒక పాత్రికేయుడు వచ్చి అడిగినప్పుడే తెలిసింది.

హామిల్టన్ మూడో జవాబును అమెరికా 1924లో వెనక్కి తీసుకుంది. దక్షిణ, తూర్పు యూరప్‌వాళ్లను అతి కొద్దిమందికి మించి రానివ్వని కోటా చట్టం చేసింది. ఇండియావాళ్లకు ఆ తలుపు 1917లోనే మూసుకుపోయింది. ఆలోగా మిల్లులు కూడా మనుషులు ఇంకా చవగ్గా దొరికే దక్షిణాది రాష్ట్రాలకు తరలిపోసాగాయి. 1965లో చట్టం మారి తెలుగువాళ్లు మసాచుసెట్స్ చేరడం మొదలయ్యేసరికి మెర్రిమాక్ ఒడ్డున మగ్గాలు చాలావరకు ఆగిపోయాయి. లోవెల్ 1978లో జాతీయ చారిత్రక పార్కు అయింది. బూట్ మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలు కొన్ని ఇప్పటికీ నడుపుతారు, చూడటానికి వచ్చేవాళ్లకు చెవుల్లో పెట్టుకునే దూది ముక్కల్లాంటివి ఇస్తారు. మిగతా మిల్లులు అపార్ట్‌మెంట్లు, ఆఫీసులయ్యాయి. 1980ల్లో వచ్చిన కాంబోడియా శరణార్థులు లోవెల్‌లో పెద్ద సమాజమయ్యారు.

లారెన్స్‌లో ఇవాళ పదిమందిలో ఎనిమిది మంది లాటిన్ అమెరికా మూలాలవాళ్లు, ముఖ్యంగా డొమినికన్లు. 1984 ఆగస్టులో వాళ్లకూ, పాత మిల్లు కుటుంబాల శ్వేతజాతి యువకులకూ మధ్య రెండు రాత్రులు అల్లర్లు జరిగాయి. రాళ్లు రువ్వినవాళ్లలో కొందరి తాతముత్తాతలు కెనడా నుంచి రైలు దిగి ఆ ఊరికి వచ్చినవాళ్లే.